మొక్కు తీర్చిన గృహస్థుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



మహాభారతమున ఆశ్వమేధపర్వములో ఒక ముంగిస కథ కలదు. ధర్మరాజు యాగము ముగించి, అడిగినవారికి అడిగినంత ఇచ్చి, లోకమంతయు కొనియాడుచుండగా ఒక ముంగిస యజ్ఞశాలకు వచ్చెను. దాని మేనిలో ఒక ప్రక్క బంగారము. రెండవ ప్రక్క వట్టి రోమము. ఇంత గొప్ప యాగమును కురుక్షేత్రమందలి ఒక పేదవాని పేలపిండికి సరిరాదని అది నిండు సభలో పలికెను. ఆ పేదవాడు, అతని భార్య, కొడుకు, కోడలు కఱవుకాలమున పొలములలో రాలిన గింజలేఱుకొని బ్రదుకుచుండిరి. ఎన్నో దినముల పస్తు తరువాత దొరకిన పిండిని నలుగురును పంచుకొని నోటికెత్తబోవు వేళకు అతిథి వచ్చెను. ఒకరి తరువాత ఒకరుగా నలుగురును తమ తమ పాళ్లు అతనికి పెట్టిరి. ఆ చోట పొరలిన ముంగిసకు సగము మేను బంగారమయ్యెను. తక్కిన సగమును బంగారము చేయగల దానము కొఱకు అది నాటినుండి తిరుగుచుండెనట.

క్రైస్తవుల సువార్తలోను ఇట్టి కథయే కలదు. ధనవంతులు దేవాలయపు పెట్టెలో పెద్ద పెద్ద మొత్తములు వేయుచుండగా ఒక పేద విధవరాలు రెండు చిన్న కాసులు వేసెను. అందఱికంటె ఎక్కువ వేసినది ఈమెయేనని యేసుక్రీస్తు శిష్యులతో చెప్పెను. తక్కినవారు మిగిలినది ఇచ్చిరి. ఆమె తనకున్నదంతయు ఇచ్చెను.

రెండు దేశములు, రెండు మతములు. చెప్పిన ధర్మము మాత్రము ఒక్కటే. ఒక పల్లెలో గ్రంథాలయము పాతికేండ్లు నిలిచినదనగా అది ఏ ఒక్క మహారాజో ఇచ్చిన నిధి వలన నిలిచినది కాదు. నెలకు ఇంత చందా, కుప్పలు నూర్చిన దినమున కుంచెడు గింజలు, పెండ్లినాడు నూట పదాఱులు, ఇట్లు చేరినదే నిలిచినది. కనుక ఈ రజతోత్సవ సమయమున, చిన్న మొత్తములను అడిగి పుచ్చుకొని పెద్ద కార్యమును నిలిపిన ఒక దూరదేశపు గృహస్థుని చరిత్రము వినుట ఉచితము. ఆయన పేరు డేనీ థామస్. వృత్తి హాస్యము; మతము కతోలికము; చేసిన పని జీవితాంతము ఒక మొక్కు తీర్చుట.

లెబనాన్ కొండలలో దేవదారు వృక్షములకు పేరుపొందిన బ్షర్రీ అను ఊరు కలదు. తెలుగు పాఠకులెఱిగిన ఖలీల్ జిబ్రాన్ కవి పుట్టిన ఊరు అదియే. ఆ ఊరినుండి బ్రదుకుతెరువు వెదకికొనుచు అమెరికా చేరిన దంపతులకు 1912వ సంవత్సరము జనవరి 6వ తేదీన, మిషిగన్ రాష్ట్రములోని డీర్‌ఫీల్డ్‌లో ఒక కుమారుడు కలిగెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆమోస్ ముజయద్ యఖూబ్ కైరూజ్. వారు మారొనైట్ కతోలికులు. అనగా రోము పోపుగారి పెద్దఱికమును అంగీకరించుచు, తమ పూర్వుల సిరియా భాషా సంప్రదాయమున పూజలు జరుపుకొనువారు. ఇంటినిండ పిల్లలు, చేతినిండ పని, చేతిలో నిలువని డబ్బు. బాలుడు ఒహాయో రాష్ట్రములోని టోలీడో నగరములో పెరిగి, చిన్ననాడే నాటకశాలలో మిఠాయిలు అమ్ముచు నటుల మాటతీరును, ప్రేక్షకుల నవ్వును పరీక్షించి నేర్చుకొనెను. అచ్చటి పీఠాధిపతి శామ్యూల్ స్ట్రిచ్ అను గురువు అతనికి భద్రమైన అభ్యంగనమను సంస్కారమిచ్చెను. ఆ గురువు పేరు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ కథలో ఆయన మరల వచ్చును.

యౌవనమున అతడు డెట్రాయిట్ నగరము చేరి రేడియోలోను, చిన్న చిన్న విందుశాలలలోను కథలు చెప్పి నవ్వించుచు పొట్టపోసికొనుచుండెను. అచ్చటనే రేడియోలో పాడుచుండిన రోజ్ మేరీ అను ఇటాలియను కుటుంబపు కన్య పరిచయమయ్యెను. 1936లో వారికి వివాహము జరిగెను. మఱుసటి సంవత్సరము తొలికానుపు దినములు దగ్గఱపడుచుండెను. ఆసుపత్రికి కట్టవలసిన సొమ్ము లేదు. నటుని బ్రదుకు నేడున్నది రేపు లేదు.

అట్టి దినములలో ఒకనాడు అతడు దేవాలయమునకు పోయి దివ్యపూజలో పాల్గొనెను. గురువుగారి ప్రసంగము అతని మనసును కరగించెను. కానుకల పెట్టె ముందుకు రాగా జేబులోనున్న ఏడు డాలర్లును తీసి వేసెను. వేసిన తరువాత గాని అదియే తన తుది సొమ్మని తెలివికి రాలేదు. అప్పుడు మోకరించి, ఆసుపత్రి ఖర్చునకు ఏదైన దారి చూపుమని దేవుని వేడుకొనెను. మఱునాడు ఒక చిన్న వేషమునకు పిలుపు వచ్చెను. దాని ప్రతిఫలము ముందునాడు పెట్టెలో వేసినదానికి ఇంచుమించు పది రెట్లు. ఆ సంవత్సరము నవంబరులో మొదటి కుమార్తె మార్లో పుట్టెను.

ఇది మహిమయా, కాకతాళీయమా అని తర్కించువారు తర్కింపవచ్చును. అతని మనసున మాత్రము అది చెఱగని ముద్రవేసెను. మఱి కొంతకాలమునకు అతని వృత్తి ముందునకు సాగక, దీనిని విడువవలెనా పట్టుకొని ఉండవలెనా అను సందేహము కలిగినప్పుడు అతడు మరల దేవాలయమునకే పోయెను. ఈమాఱు పునీత యూదా తద్దయిని ప్రార్థించెను. ఈ పునీతుడు క్రీస్తుశిష్యులు పన్నిద్దఱిలో ఒకడు. గురుద్రోహము చేసిన యూదా పేరును ఈయన పేరును ఒక్కటియగుటచేత జనులు ఈయనను పిలుచుటకు జంకిరనియు, అందుచేతనే ఏ దిక్కును లేనివారికి ఈయన దిక్కయ్యెననియు కతోలికులలో ఒక నానుడి కలదు. నా బ్రదుకునకు దారి చూపుము, నీకొక మందిరము కట్టింతును, ఇదియే అతని మొక్కు.

మొక్కు అనునది ఒక విచిత్రమైన అప్పు. దానికి పత్రము లేదు, సాక్షి లేడు, వాయిదా లేదు, కోర్టు లేదు. ఎగవేసినను అడుగువాడు లేడు. కష్టమున మొక్కి సుఖమున మఱచుట లోకములో వాడుక. ఆపదమ్రొక్కులవానికి కూడ ఎందఱో బాకీదారులున్నారని మన పెద్దలు నవ్వుచుందురు. ఈ హాస్యగాడు మాత్రము ఆ అప్పును నవ్వులాటగా తలపలేదు.

1940లో అతడు చికాగో నగరములో ఒక విందుశాలలో కొలువునకు కుదిరెను. మరల విందుశాలలకే దిగెనని ఇంటివారికి తెలియరాదని తలచి, తన కడగొట్టు తమ్ముని పేరును పెద్దన్న పేరును కలిపి డేనీ థామస్ అని క్రొత్తపేరు పెట్టుకొనెను. మాఱుపేరు పెట్టుకొన్నప్పుడును అన్నదమ్ములను విడువని మనిషి! ఆ పేరే లోకమున నిలిచెను. ఆయన హాస్యము ఒకరిని నొప్పించునది కాదు. వలసవచ్చిన ముసలివారి భాషను, వారి అమాయకత్వమును, ఇంటిలోని చిన్న తగవులను తీసికొని, మన హరిదాసు పిట్టకథను సాగదీసినట్లు సాగదీసి, తుదకు ఒక్క మాటతో సభనంతయు నవ్వించెడివాడు. కాఫీ నోట పోసికొన్న క్షణముననే వినరాని వార్త విని దానిని ముందుకు చిమ్ముట ఆయనకు ప్రత్యేకమైన అభినయము. సినిమాలు వచ్చినవి, 1953 నుండి 1964 వఱకు పదునొకండేండ్లు టెలివిజనులో ఆయన కుటుంబకథ నడచెను, పేరు వచ్చెను, ధనము వచ్చెను.

దారి దొరకినది. ఇక మందిరము మిగిలెను.

ఇక్కడ పెద్దలు ఒక్క విషయము గమనింపవలెను. ఆయన తలచుకొన్నచో ఒక పాలరాతి ప్రతిమను నిలిపి, నాలుగు స్తంభముల మండపము కట్టించి, శిలాఫలకముపై పేరు చెక్కించుకొని ఋణవిముక్తుడనైతినని చెప్పవచ్చును. కాదనువారెవ్వరును లేరు. కాని 1950 తరువాతి దినములలో ఆయన స్నేహితులతో ఆలోచించి, దిక్కులేనివారికి దిక్కైన పునీతునికి తగిన మందిరము దిక్కులేని పిల్లల ఆసుపత్రియేనని నిశ్చయించుకొనెను. చిన్ననాడు టోలీడోలో అభ్యంగనమిచ్చిన స్ట్రిచ్‌గారు అప్పటికి చికాగో అగ్రపీఠాధిపతి, కార్డినల్. టెనెస్సీ రాష్ట్రమున పుట్టి, గురువుగా అచ్చటి మెంఫిస్ నగరమున పనిచేసినవాడగుటచేత ఆయనకు ఆ ప్రాంతపు బీదతనము తెలియును. ఆసుపత్రిని మెంఫిస్‌లో కట్టుమని ఆయన సలహా చెప్పెను. ఆ నగరములోని వైద్యులును వర్తకులును తోడ్పడుటకు ముందుకు వచ్చిరి. పాల్ విలియమ్స్ అను నీగ్రోజాతి శిల్పి ప్రతిఫలము పుచ్చుకొనక భవనమునకు నక్ష గీసి ఇచ్చెను.

ఏ ఆసుపత్రి? ఆనాటికి మందు లేదనిపించుకొన్న రోగములకు ఆసుపత్రి. పెద్దలు రాచపుండని పిలిచిన క్యాన్సరు నెత్తురునకు కూడ వచ్చును. దానిని ల్యుకీమియా అందురు. ఎముకలలోని మూలుగ నెత్తుటి కణములను పుట్టించును. ఆ కొలిమియే చెడిపోయి, పనికిరాని కణములను అదుపు లేక పోయుచుండును. బిడ్డ పాలిపోవును, జ్వరపడును, చిగుళ్లనుండి నెత్తురు కాఱును. 1962లో ఆ రోగములో ఎక్కువగా కనబడు రకము పట్టిన పిల్లలు నూర్గురిలో నలుగురు మాత్రమే బ్రదుకుచుండిరి. అనగా డేనీ థామస్ చందాలడిగినది తొంబదియాఱుగురు పిల్లలు చనిపోవు ఇంటి కొఱకు. లాభము కనబడు పనికి చందా ఇచ్చువారు పలువురుందురు. ఓటమి కంటికెదురుగా నిలిచియున్న పనికి అడుగుటకు గుండె కావలెను. బ్రదుకు తెల్లవాఱుచుండగనే ఏ బిడ్డయు చీకటిలో కలియరాదని ఆయన ఊరూర చెప్పుచుండెను.

ఊరూర అనుట అలంకారము కాదు. ఆయనయు రోజ్ మేరీయు కారులో దేశమంతయు తిరిగిరి. ఒకమాఱు 32 దినములలో 28 నగరములు చూచిరి. ప్రతిచోటను సభ, హాస్యము, విందు. పిమ్మట చేయి చాచుట. వామనచరిత్రమున సాక్షాత్తు విష్ణుమూర్తియే యాచకుడై వచ్చునప్పటికి మఱుగుజ్జు కావలసివచ్చెను. యాచనకు అంత చిన్నతనమున్నది. కాని అదే యాచన పరుల కొఱకైనప్పుడు ఆ మఱుగుజ్జే త్రివిక్రముడగును. తన కుటుంబపు ఆసుపత్రి ఖర్చునకు ఒకనాడు దేవుని ముందు మాత్రమే చేయి చాచిన మనిషి, పరుల బిడ్డల ఖర్చునకు దేశమంతటి ముందును చేయి చాచెను. ఆ రెంటి నడుమనున్నదే ఆయన ఎదుగుదల.

కట్టుటకు ధనము చేరుచుండెను. అసలు చిక్కు అప్పుడే కనబడెను. భవనము లేచిన తరువాత దానిని నడుపుట ఎట్లు? ఏటేట వైద్యుల జీతములు, మందులు, పరిశోధనలు, పిల్లల తిండి, ఇవి ఎవరు ఇచ్చుకొందురు? చెఱువు త్రవ్వించినవాని పేరు శాసనమున నిలుచును. ఏటేట పూడిక తీయించినవానిని ఎవరును తలపరు. గుడి కట్టించుటకు ఒక పుణ్యాత్ముడు చాలును; నిత్యదీపమునకు నూనె పోయుటకు ఊరంతయు కావలెను. కట్టుట ఒకనాటి పని. నడుపుట ప్రతినాటి పని. జమాఖర్చులు వ్రాసినవారందఱకును ఈ భేదము తెలియును.

డేనీ థామస్ దీనికి కనుగొన్న ఉపాయము మెచ్చుకొనదగినది. లెబనాన్, సిరియా దేశములనుండి వచ్చి అమెరికాలో స్థిరపడిన కుటుంబములు అనేకములు. తమ తల్లిదండ్రులకు నిలువనీడ ఇచ్చిన దేశమునకు అందఱును కలిసి కృతజ్ఞత చెల్లింపవలెనని ఆయన వారికి బోధించెను. 1957లో అట్టివారి ప్రతినిధులు నూర్గురు చికాగోలో కూడి ఆల్సాక్ అను ధర్మసంస్థను స్థాపించిరి. ఆసుపత్రి వైద్యము చూచుకొనును. ఆల్సాక్ ధనము చూచుకొనును. వైద్యుడు చందాలకు తిరుగనక్కఱలేదు. చందాలు పోగుచేయువాడు వైద్యములో వ్రేలు పెట్టడు. ఒక మనిషి పెట్టుకొన్న మొక్కు ఈ విధముగా ఒక జనసమూహపు వ్రతమయ్యెను. తరువాత అన్ని జాతులవారును, అన్ని మతములవారును దానిలో చేరిరి. నేటికిని ఆ ఆసుపత్రి ఖర్చులో ఎక్కువ భాగము ప్రజల విరాళములవలననే జరుగుచున్నది.

ఇల్లాలి మాట చెప్పక ఆయన చరిత్రము చెప్పినచో అది సగము చరిత్రమే. ఊళ్లు తిరుగు మగనికి ఇల్లు సత్రమువంటిది. తండ్రి ఊరిలో లేనప్పుడు పిల్లలు తల్లిగదిలో పండుకొనెడివారు. వారి బట్టలు తండ్రి బీరువాలోనికి చేరెడివి. ఆయన వచ్చుచున్నాడనగానే నాన్నగారికి చోటు చేయుడని తల్లి చెప్పెడిది. పిల్లలు తమ బట్టలెత్తుకొని తమ గదులకు పోయెడివారు. ఆ మాటనే ఆయన టెలివిజను కథకు మొదట పేరుగా పెట్టిరి. పేరు సూచించినది రోజ్ మేరీయే. లోకము దానిని విని నవ్వెను. అయితే ఆ నవ్వులో ఒక ముల్లు కూడ కలదు. వచ్చినప్పుడెల్ల చోటు చేయవలసిన తండ్రియనగా, లేని దినములు చాలయున్న తండ్రియని అర్థము. పరుల బిడ్డల కొఱకు తిరిగిన తిరుగుడులో కొంత తన బిడ్డల పద్దునుండి తీసిన కాలమే. ధర్మకార్యములు చేయువారి ఇండ్లలో ఈ ఖర్చు ఎప్పుడును ఉండును. ఏ పద్దులోను ఎక్కదు. కాని ఆ ఇంటిలో భార్య మగని బండిలోనే ఎక్కి కూర్చుండెను; బిడ్డలు ఆ దూరమును ద్వేషముగా మార్చుకొనలేదు. మార్లో, టెర్రీ, టోనీ ముగ్గురును తండ్రి అనంతరము ఆ జోలెనే భుజమున వేసికొనిరి. గృహస్థుడు ధర్మము చేసెననగా ఇల్లంతయు చేసెననియే అర్థము. ముంగిస కథలోను పిండి పెట్టినది ఒక్కడు కాదు, నలుగురు.

1962 ఫిబ్రవరి 4వ తేదీన మెంఫిస్‌లో సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రి తెఱవబడెను. తొమ్మిదివేల జనము కూడిరి. నక్షత్రపు ఆకారమున భవనము; ఆవరణలో పునీత యూదా ప్రతిమ. ఆనాటికి అమెరికా దక్షిణ రాష్ట్రములలో తెల్లవారికొక వాకిలి, నల్లవారికొక వాకిలి. ఈ ఆసుపత్రిలో ఆ భేదమును పాటింపలేదు. నల్లబిడ్డయు తెల్లబిడ్డయు ఒక్క వార్డులో పండుకొనిరి. వైద్యులలోను, దాదులలోను రెండు జాతులవారును పనిచేసిరి. ఏ మతమని అడుగలేదు. అన్నిటికంటె మించినది, ఏ తల్లిదండ్రులకును వైద్యమునకు బిల్లు పంపలేదు. వైద్యమునకే కాదు, వచ్చుపోవు ఖర్చులకును, బసకును, భోజనమునకును పుచ్చుకొనలేదు. నేటికిని పుచ్చుకొనుట లేదు. కానుపు ఖర్చునకు తల్లడిల్లిన తండ్రి కట్టించిన ఆసుపత్రి అట్లుండుట సహజమే.

మొదటి అధ్యక్షుడు డోనాల్డ్ పింకెల్ అను వైద్యుడు. అప్పటివఱకు మందులను ఒక్కొక్కటిగా ఇచ్చి, ఒకటి పనిచేయుట మానినప్పుడు మఱొకటి ఇచ్చుచుండిరి. రోగము కొన్ని మాసములు తగ్గి మరల వచ్చెడిది. పింకెల్‌గారు అనేక మందులను కలిపి ఇచ్చుట, మెదడు వెన్నుపాములలో దాగియున్న చెడు కణములను కూడ వెదకి చంపుట, రోగము తగ్గినట్లు కనబడినను రెండు మూడేండ్లు మందు మానకుండుట అను పద్ధతిని పట్టుదలతో సాగించెను. 1967 ప్రాంతమున మొదలుపెట్టిన అయిదవ ప్రయత్నములో పిల్లలలో ఇంచుమించు సగము మంది పూర్తిగా బాగుపడిరి. నేడు ఆ ఆసుపత్రిలో అదే రోగమునుండి నూటికి 94 మంది బ్రదుకుచున్నారు. నాలుగునుండి తొంబదినాలుగు! అచ్చట కనుగొన్న పద్ధతులను దాచుకొనక లోకములోని వైద్యులందఱకును తెలుపుచున్నారు గనుక, ఆ అంకె వెనుక ఏనాడును మెంఫిస్ చూడని పిల్లలు కూడ ఎందఱో కలరు.

ఈ కథలో తెలుగువారికొక భాగము కలదు. ఆ మందుల కలయికలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. దాని పుట్టుక వెనుకనున్నవాడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అమెరికా చేరి, హార్వర్డులో పరిశోధించి, పిమ్మట లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకుడయ్యెను. ఆయన నడిపిన బృందమువారు ఫోలికామ్లమును తయారుచేయుటయే గాక, దానికి విరుగుడైన మందులను కూడ సృష్టించిరి. వానిలో మొదటిదానిని 1947-48లో బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ల్యుకీమియా పిల్లలకిచ్చెను. పదునాఱుగురిలో పదిమందికి రోగము కొంతకాలము తగ్గెను. ల్యుకీమియా మందునకు లొంగునని లోకమునకు ఆశ కలిగించిన దినమది. మెథోట్రెక్సేట్ ఆ మందునకు తోబుట్టువు. సుబ్బారావుగారు 1948లో కన్నుమూసిరి. ఆ తరువాత పదునాలుగేండ్లకు తెఱవబడిన మెంఫిస్ ఆసుపత్రిలో ఆయన వదలిపోయిన ఆయుధము పిల్లల ప్రాణములు కాచెను.

ఆ సుబ్బారావుగారైనను విదేశయాత్రకు సొంతధనము కలవారు కారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేసిన వాగ్దానము, మామగారు సమకూర్చిన సొమ్ము, మిత్రుల సాయము ఆయనను ఓడ ఎక్కించినవి. కాకినాడ ధర్మమొకటి, డెట్రాయిట్ కానుకపెట్టెలోని ఏడు డాలర్లొకటి, రెండును వేఱు వేఱు దారుల పోయి, తుదకు ఒక జబ్బుబిడ్డ పడక యొద్ద కలిసికొన్నవి. ఇచ్చువాడు తన కాసు ఎంత దూరము పోవునో ఎఱుగడు. ఎఱుగనక్కఱయు లేదు.

డేనీ థామస్‌ను అమెరికా శాసనసభ 1983లో స్వర్ణపతకముతో గౌరవింప తీర్మానించెను. బిరుదులు వచ్చినను జోలె దింపలేదు. 1991 ఫిబ్రవరి 4వ తేదీన ఆసుపత్రి 29వ వార్షికోత్సవము జరుపుకొని, విరాళముల కొఱకు టెలివిజనులో వేయు ప్రకటనలో కూడ నటించెను. రెండు దినములకు, ఫిబ్రవరి 6వ తేదీన, తన 79వ యేట గుండె ఆగి మరణించెను. ఆయన మరణించిన తరువాత గాని ఆ ప్రకటన ప్రజలు చూడలేదు. చనిపోయిన పిమ్మట కూడ ఆయన అడుగుచునే యుండెనన్నమాట! ఆయన దేహమును మెంఫిస్‌కు తెచ్చి ఆసుపత్రి ఆవరణలోనే సమాధి చేసిరి. 2000 సంవత్సరమున రోజ్ మేరీ కూడ ఆయన ప్రక్కనే విశ్రమించెను. మందిరము కట్టింతునని మొక్కినవాడు తుదకు ఆ మందిరపు నీడనే నిద్రించుచున్నాడు.

మొక్కు తీఱెనా? భవనము తెఱచిన 1962లోనే తీఱెనని కొందఱనవచ్చును. ఆయన అట్లు తలచినచో ఆ తరువాతి ఇరువదితొమ్మిదేండ్లును ఇంటిపట్టున నుండి సుఖపడవచ్చును. ఒక్క బిడ్డ ఆ గుమ్మములోనికి వచ్చుచున్నంతకాలము తన అప్పు మిగిలియున్నదనియే ఆయన నడచుకొనెను. నూర్గురిలో నేటికిని చేజారు ఆ ఆఱుగురు పిల్లల కొఱకు ఆయన సంతానము, ఆల్సాక్ సంఘము ఇంకను చేయి చాచుచునే యున్నారు.

సభాసదులారా! గ్రంథాలయము కూడ అట్టి మొక్కే. పాతికేండ్ల క్రిందట దానిని తెఱచిననాడు తీఱిపోలేదు. చదువవచ్చిన పిల్లవానికి దీపము వెలుగవలెను. చిరిగిన పుస్తకమునకు అట్ట పడవలెను. క్రొత్త పుస్తకము అలమారులోనికి రావలెను. తలుపు తెఱచు మనిషికి జీతమీయవలెను. వీనికి శిలాఫలకములు లేవు. ఉత్సవము నాడు వేయు నూటికంటె నెలనెల తప్పక వేయు పది మేలు. అడుగవచ్చినవారిని విసుగుకొనకుడు, అడుగువారు సిగ్గుపడకుడు. ముంగిస మేని రెండవ సగము ఇంకను బంగారము కాలేదట. అది ఏ ఊరి వాకిట ఎప్పుడు వచ్చి పొరలునో ఎవరికి తెలియును? ఈ వాకిట చల్లిన పిండి కొంచెమైనను, అది ఇంటింటి పాలుగా ఉండుగాక.

స్వస్తి.